నా పేరున మరొకరి నెత్తురు

పోయిన వారం కథ ఆపేసరికి నేను వెంకటరావమ్మ పిన్నిని వెతుక్కుంటూ మిరప కల్లం దాకా వచ్చి, లోపలికి వెళ్లాలా, వెనక్కి తిరిగిపోవాలా అని నిలబడిపోయాను కదా. నాకు ఆలోచనలు ఎక్కువసేపు నిలవవు. వెళ్లాను.

అంతకుముందు జరిగింది నాలుగు మాటల్లో చెప్తాను. చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. నా పేరు కౌసర్. మాది దర్శికి ఇవతల ఓ ఊరు. మిరప కోతల ముఠాలో పనిచేస్తాను. ఇప్పుడు నాకు ఐదో నెల. సోమవారం స్కానింగుకని ఒంగోలు పెద్దాసుపత్రికి వెళ్తే అక్కడ మళ్లీ నెత్తురు తీశారు. కౌన్సెలర్ భవ్యగారు నన్ను గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, నాకు హెచ్ఐవి ఉందని చెప్పారు. ఏడ్చాను. ఆవిడ నన్ను ఏడవనిచ్చారు. తర్వాత, "రోజుకొక మాత్ర. ఒక్కరోజు కూడా మానొద్దు. బిడ్డకి రాకుండా కాపాడుకోవచ్చు, నీకింకా టైముంది" అన్నారు. ఆ మాట పట్టుకునే బస్సెక్కాను. మొగుణ్ణి కూడా పరీక్షకి తీసుకురమ్మన్నారు కదాని, మంగళవారం మా ఆయన హయాత్‌కి నేనే నోరు తెరిచి చెప్పాను. మొగుడికి చెప్పక ఎవరికి చెప్పుకుంటాను?

ఆయన ఇనప్పెట్టె తెరిచి రెండు చీటీలు తీసి మా అత్త ముందు పరిచాడు. ఫిబ్రవరిలో ఏదో సంస్థ వాళ్ల వ్యాను చేలోకి వచ్చి పరీక్షలు చేసి ఇచ్చిన చీటీలవి. ఒకటి నాది, ఒకటి ఆయనది. రెండింటిలోనూ జబ్బు లేదనే ఉంది. "అప్పుడు నాకూ లేదు, నీకూ లేదు. ఈ మూడు నెలల్లో యాణ్ణించి తెచ్చావే?" అన్నాడు. ఆ పూట నుంచి మా అత్త నా కంచం, నా చెంబు విడిగా పెట్టింది. పొన్నూరులో ఉన్న మా అన్న మాలిక్‌కి ఫోన్ చేసి, మీ చెల్లెల్ని తీసుకుపొమ్మన్నారు. అన్న రేపు పొద్దున వస్తానన్నాడు. ఆ చీటీ నిజమని అన్న కూడా నమ్మితే నాకు అత్తింట్లోనూ చోటుండదు, పుట్టింట్లోనూ చోటుండదు. నిలవనీడ లేనిదాన్ని నెలనెలా ఒంగోలు ఎవరు పంపుతారు? వేళకి ఇంత అన్నం ఎవరు పెడతారు? ఆ మాత్ర ఎక్కడ కూర్చుని వేసుకుంటాను? పరువు పోతే పోయింది, కడుపులో బిడ్డ సంగతి ఏం కావాలి?

నా చీటీ అబద్ధమని నాకు ముందే తెలుసు. ఎందుకంటే ఆ రోజు నేను సూదికి వేలు చూపించనేలేదు.

మా ముఠాలో ఒక అలవాటుంది. కోతలప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో సాలు. అందరం పక్కపక్కనే మొదలుపెట్టి చేను ఆ చివరిదాకా కోసుకుంటూ పోవాలి. మధ్యలో ఎవరికైనా కళ్లు తిరిగినా, గట్టు మీద పడుకోబెట్టిన చంటిబిడ్డ లేచి ఏడ్చినా, పక్కామె ఏమీ అడక్కుండా ఆమె సాలు కూడా అందుకుంటుంది. ఇవాళ నీ సాలు నేను, రేపు నా సాలు నువ్వు. ఇందులో మొహమాటాలుండవు, మెహర్బానీలూ ఉండవు.

వ్యాను వచ్చిన రోజు మబ్బు పట్టి ఉంది. కాయ తడిస్తే రంగు పోయి తాలై కూర్చుంటుంది. ముప్పై రెండు మందీ పని ఆపి వరసలో నిలబడితే ఆ పూట కోత ఆగిపోతుంది. మా ముఠా మేస్త్రి వెంకటరావమ్మ పిన్ని ఏడెనిమిది మందిని పిలిచి, "మీరు పోయి అందరి పేర్లూ చెప్పి రండే" అంది. మిరప ఘాటుకి మేమంతా కళ్లు తప్ప ముఖమంతా గుడ్డ చుట్టుకుని ఉంటాం. సూది గుచ్చే అతనికి తుమ్ముల మీద తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు. ఎవరు వస్తున్నారో చూసే స్థితిలో లేడు. ఒకామె ఎడమచేయి చూపించి ఒక పేరు చెప్పి వచ్చింది, మళ్లీ వెళ్లి కుడిచేయి చూపించి ఇంకో పేరు చెప్పింది. నేను వేవిళ్ల వాంతులతో గట్టు మీద పడి ఉన్నాను. నా పక్క సాలు నసీమున్నీసాది. నా పేరున వేలిచ్చింది తనే.

సాయంత్రం చీటీ నా చేతిలో పెట్టి నవ్వింది. నేనూ నవ్వాను. ఒక సూదిపోటు తప్పిందనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి. ఆ చీటీనే తీసుకెళ్లి మా ఊరి నర్సమ్మకి చూపిస్తే, "చేయించావుగా, మళ్లీ అక్కర్లేదులే" అని కార్డులో రాసేసుకుంది. అలా మూడు నెలలు మాత్ర లేకుండా గడిచిపోయాయి. నా తప్పు లేదని నేను అనడం లేదు. కానీ చేయని తప్పు నా నెత్తిన రుద్దితే మాత్రం ఊరుకోను.

కల్లంలో పట్టాల మీద మిరప రాశులు పోసి ఉన్నాయి. పదిహేను మంది దాకా ఆడవాళ్లు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. పిన్ని, నసీము ఒకే రాశి దగ్గర ఉన్నారు. నేను వాళ్ల మధ్య గొంతుక్కూర్చుని మెల్లిగానే మొదలుపెట్టాను.

"పిన్నీ, రేపు మా అన్న వస్తన్నాడు. నువ్వు మా ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పు. వ్యాను వచ్చిన రోజు కౌసర్ వేలివ్వలేదు, ఆ చీటీ కౌసర్ది కాదు అని. అంతకుమించి నిన్నేమీ అడగను."

పిన్ని చేతిలో కాయ అటూ ఇటూ తిప్పి చూసింది. నా ముఖం చూడలేదు. "ఏందే ఇప్పుడా గొడవ? అందరూ ఇచ్చారు గదా. ముప్పై రెండు పేర్లూ రాసుకుని పోయారు" అంది.

"నేను ఇవ్వలేదు పిన్నీ."

"ఇచ్చావు. మర్చిపోయి ఉంటావు. వాంతులతో నీకు ఒళ్లు తెలిస్తేగా."

నాకు ఒళ్లు మండింది. అయినా తమాయించుకుని నసీము వైపు తిరిగాను. తనకీ నాకూ ఒకే వయసు. నా పెళ్లైన కొత్తలో ఈ ఊళ్లో నాతో మొదట మాట కలిపింది తనే. కోతల్లో మూడేళ్లుగా ఒకే డబ్బాలో అన్నం తిన్నాం. "నువ్వు చెప్పవే. నా పేరున వేలిచ్చింది నువ్వు గాదా?" అన్నాను.

నసీము ముఖానికి కట్టుకున్న గుడ్డ ఇంకా పైకి లాక్కుంది. "నేను నా వేలే ఇచ్చా. నీ సంగతి నాకేం తెలుసు?" అంది.

ఒక్క క్షణం నేను విన్నది నిజమేనా అనిపించింది. "ఏందీ?"

"నాకు తెలీదు కౌసరూ. నన్ను ఇందులోకి లాగబాక."

మొగుడు అనుమానించాడు, సరే. అత్త కంచం విడిగా పెట్టింది, అదీ సరే. కానీ నసీము అలా అంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. లేచి నిలబడ్డాను. దాచుకోవాల్సిన మాట దాచుకోవాలన్న ఇంగితం ఆ క్షణంలో నాకు లేదు.

"నాకుందే! ఆ జబ్బు నాకుంది! ఒంగోల్లో చెప్పారు, మాత్రలిచ్చారు. మీ అందరికీ తెలిసిపోయిందిగా, చాలా? చెప్పుకోండి, ఊరంతా చెప్పుకోండి! మరి మీకుందో లేదో మీకు తెలుసా? ఇళ్లల్లో దాచుకున్నారే ఆ చీటీలు, వాటిలో ఏది ఎవరి నెత్తురో చెప్పండి చూద్దాం!"

కల్లంలో చేతులన్నీ ఆగిపోయాయి. ఎవరూ తల ఎత్తలేదు. అవతలి రాశి దగ్గర నుంచి ఒకామె లేచింది. ఇద్దరు పిల్లల తల్లి. రెండు నెలలుగా ఆమెకి జ్వరం వస్తూ పోతూ ఉంది.

"పిన్నీ, నేను ఆ రోజు అసలు చేలోకే రాలేదు. నా పేరున ఎవరిచ్చారు?" అంది.

"నా పేరున?" అంది ఇంకొకామె.

అప్పుడు పిన్ని లేచింది. ఆవిడ గొంతు చేను ఈ చివర నుంచి ఆ చివరికి వినపడే గొంతు. "అందరూ నా మీద పడతారేందే? నేనేమన్నా సరదాకి చేశానా? నడిమధ్యాన్నం కోత మీదుండగా వచ్చారు. సాయంత్రం రమ్మంటే డ్యూటీ టైము అయిపోద్దన్నారు. ఆదివారం రమ్మంటే సెలవన్నారు. మా ఇళ్ల కాడికి రండయ్యా అంటే ఆ సందులోకి వ్యాను పట్టదన్నారు. పేర్లు కావాలి వాళ్లకి, పేర్లిచ్చా. సాలు అందుకున్నట్టే ఇదీ అనుకున్నా. నా కూతుళ్లకి చెడు చెయ్యాలని చేస్తానా?"

"చెయ్యాలని చెయ్యలేదు పిన్నీ. చేశావు. ఇప్పుడా మాటే మా ఇంట్లో చెప్పు."

"చెప్తే నా మీద కేసు పెడతారంట!"

"పెట్టరు. నేను భవ్యగారికి అంతా చెప్పా. ఆవిడ నీ పేరు కూడా అడగలేదు. అందరికీ మళ్లీ పరీక్ష చేయాలి, మీరు ఏ వేళకి వస్తారో చెప్పండి, ఆ వేళకే చేస్తాం అన్నారు. నీకు కేసు భయం. నాకు రేపు పొద్దున ఇంట్లోంచి గెంటేస్తారని భయం. ఏది పెద్దది?"

పిన్ని మళ్లీ రాశి వైపు తిరిగింది. నేను వదల్లేదు. "వాంతులొస్తే కాసేపు ఆగి నన్ను కూడా పంపొచ్చుగా పిన్నీ. కడుపుతో ఉన్నానని నీకు తెలుసు. నన్నెందుకు ఆపావు?"

"నేను ఆపానా?" పిన్ని ఇంతెత్తున లేచింది. "నిన్నాపింది నేను కాదే పిచ్చిదానా! మీ ఆయనే వచ్చి చెప్పాడు. 'మా ఆవిడ సూది చూస్తే పడిపోద్ది, దాని పేరున నసీముని ఇవ్వమను పిన్నీ' అన్నాడు. కావాలంటే దీన్నడుగు."

నేను సూది చూస్తే పడిపోవడమా? సోమవారం ఒంగోల్లో సీసాడు నెత్తురు తీస్తుంటే కళ్లార్పకుండా చూస్తూ కూర్చున్నాను. నసీము వైపు చూశాను. తను గుడ్డ కిందికి లాగి వెక్కివెక్కి ఏడుస్తోంది.

"అవును కౌసరూ. హయాత్ అన్న అడిగితేనే ఇచ్చా. ఎవరికీ చెప్పొద్దని పిన్ని ఒట్టేయించుకుంది. నన్ను క్షమించవే" అంది.

"నా పేరున నెత్తురిచ్చావు. నా కోసం ఒక్క మాట చెప్పలేకపోయావా?" అన్నాను. తను నా చేయి పట్టుకోబోయింది. నేను పట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత దానికి బాధపడ్డాను, కానీ అప్పుడు మాత్రం ఆ చేయి తగిలితే కాలుతుందనిపించింది.

పిన్ని ఇక ఆగలేదు. అదీ ఆవిడ తీరు, దాచినన్నాళ్లు దాస్తుంది, మొదలుపెడితే మొత్తం కక్కేస్తుంది. "నీదొక్కటే కాదు, నీ మొగుడు తనదీ ఇవ్వలేదు. ఆ రోజు గోతాల్లో కాయ కుక్కి టిక్కీలు తొక్కడానికి వచ్చాడు గదా. 'నా పేరున బాబాయిని ఒక వేలు ఇవ్వమను' అన్నాడు. మా ఆయన చెంచురామయ్య తలగుడ్డ ముఖానికి చుట్టుకుని పోయి, తన పేరున ఒకటి, హయాత్ పేరున ఒకటి ఇచ్చొచ్చాడు. మగాడికి కూడా ఇంత భయమా అని ఇంటికిపోయి నవ్వుకున్నాం కూడా."

నాకు నవ్వు రాలేదు. మా అత్త ముందు పరిచిన రెండు చీటీల్లో ఒక్కటి కూడా నిజం కాదు. ఆ సంగతి హయాత్‌కి తెలుసు. తెలిసి తెలిసీ ఆ చీటీలు పట్టుకుని నన్ను యాణ్ణించి తెచ్చావే అని అడిగాడు. వాళ్లమ్మ ఎదురుగా అడిగాడు. ఆ నోరెలా వచ్చిందో నాకు తెలియదు.

బయట ట్రాలీ ఆటో ఆగిన చప్పుడైంది. హయాతే. పరుపులు కుట్టి ఊరూరా తిప్పి అమ్మడం ఆయన పని, ఆ బండి ఎప్పుడూ దూది పరుపులతోనే ఉంటుంది. నేను కల్లానికి వచ్చానని ఎవరో చెప్పినట్టున్నారు. గబగబా లోపలికి వచ్చి, అందరి ముఖాలూ చూసి, ఆగిపోయాడు. ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకుండానే ఆయనకి అర్థమైంది.

అరుస్తాడనుకున్నాను. చేయి చేసుకున్నా చేసుకుంటాడనుకున్నాను, సిద్ధంగానే ఉన్నాను. ఆయన నా దగ్గరకి వచ్చి, మెల్లిగా, పెళ్లైన కొత్తలో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"పద ఇంటికి పోదాం. ఎండలో ఎందుకు నిలబడతావు? మాత్ర వేసుకున్నావా?"

నేను ఒకడుగు వెనక్కి వేశాను.

"మొదట్లో నాలుగైదు రోజులు నిద్ర సరిగ్గా పట్టదు. పిచ్చి కలలొస్తాయి. భయపడి మానెయ్యబాక. అయ్యే తగ్గిపోతాయి" అన్నాడు.

మూడు రాత్రులుగా నాకు అవే కలలు. ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి పడిపోతున్నట్టు. అలా రావచ్చని భవ్యగారు ఆ మూసిన గదిలో నాకొక్కదానికే చెప్పారు. నేను ఈయనకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

"నీకెట్టా తెలుసు?" అన్నాను.

హయాత్ వెనక్కి తిరిగి బండి వైపు చూశాడు.

"కలలొస్తాయని నీకెట్టా తెలుసు హయాత్?" పెళ్లైన మూడేళ్లలో ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

పిన్ని ఆడవాళ్లని చేయి పట్టుకుని అవతలి రాశి వైపు తీసుకుపోయింది. ఆ మాత్రం మర్యాద ఆవిడకి ఉంది. మేమిద్దరమే మిగిలాం. ఆయన పట్టా మీద కూలబడ్డాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగేళ్లు."

మా నిఖా జరిగి మూడేళ్లు. లెక్కలు నాకు అంతగా రావు కానీ ఈ లెక్కకి చదువు అక్కర్లేదు.

ఆయన తల దించుకుని చెప్పుకుంటూ పోయాడు. గుంటూరులో పరుపుల పని మీద ఉన్నప్పుడు దగ్గు తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాడట. టీబీ అన్నారట, దాంతోపాటు ఇదీ బయటపడిందట. మాత్రలు మొదలుపెట్టారట. "సరిగ్గా వేసుకుని, నెత్తురు పరీక్షలో అది కనపడనంతగా తగ్గితే పెళ్లానికి కూడా అంటదని డాక్టర్ చెప్పాడు కౌసరూ. నిజంగా చెప్పాడు. ఏడాదిన్నర వేసుకున్నా. ఇంట్లో డబ్బా దాచే చోటు లేక పరుపులో దూది మధ్య పెట్టేవాణ్ణి. ఓ రోజు అమ్మ పరుపులన్నీ ఎండలో వేసి కర్రతో దులపడం మొదలుపెట్టింది. ఆ రోజు నా ప్రాణం పోయినంత పనైంది. మందుల కోసం గుంటూరు పోవాలంటే ఎందుకు, ఏమిటని నువ్వూ అడిగేదానివి. ఒక నెల పోలేదు. తర్వాత నెల పోతే తిడతారని పోలేదు. అంతే, ఆగిపోయింది."

"అంటే నువ్వు వేసుకుని ఉంటే నాకు వచ్చేది కాదు."

ఆయన ఏడ్చాడు. మగవాడు ఏడిస్తే నాకు జాలి. ఆ పూట జాలి రాలేదు.

"నాకు ఆ రోజే చెప్పి ఉంటే డబ్బా నేనే దాచేదాన్ని. మీ అమ్మ కంట పడకుండా నా చీరల మధ్య పెట్టుకునేదాన్ని. నిన్ను నేనే బస్సెక్కించేదాన్ని. చెప్పలేదు సరే. నేనొచ్చి నీకు చెప్పినప్పుడైనా చెప్పావా? చీటీలు తీశావు. నన్ను లంజని చేశావు." "రేపు మా అన్న ముందు ఈ మాటలన్నీ నువ్వే చెప్పాలి. ఒక్కటి కూడా మింగకూడదు. ఆయన నిన్ను ఏం చేసినా నేను అడ్డురాను."

హయాత్ తల ఎత్తాడు. ఆ చూపు చూసి, ఇంకేదో మిగిలి ఉందని నాకు తెలిసిపోయింది.

"మాలిక్ బావకి తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"అప్పుడు గుంటూరులో ఇద్దరం ఒకే కొట్లో కుట్టేవాళ్లం. నన్ను ఆసుపత్రికి తీసుకుపోయింది బావే. అన్నీ తెలిసే నిన్నిచ్చాడు. నీకు చెప్పొద్దన్నది కూడా ఆయనే."

నాకు నాన్న లేడు. నిఖా రోజు నా తరఫున పెద్దదిక్కుగా కూర్చుని, నా చెవిలో హయాత్ బంగారంలాంటి మనిషి, ఒప్పుకోమ్మా అని చెప్పింది మాలిక్ అన్న. రేపు పొద్దున నా తప్పు తేల్చడానికి వస్తున్నదీ ఆ అన్నే. ఇంతసేపూ ఆయన ఒక్కడు నమ్మితే చాలని ఇంతమంది కాళ్లు పట్టుకుంటున్నాను.

ఇలాంటివి రేపటిదాకా దాచుకోవడం నా వల్ల కాదు. అక్కడే నిలబడి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు.

"ఏమ్మా కౌసరూ, ఏడుస్తున్నావా? రేపు వస్తున్నాగా. నేనుండగా నీకేం భయం?"

"అన్నా, హయాత్ నా పక్కనే ఉన్నాడు. గుంటూరు ఆసుపత్రి సంగతి మొత్తం చెప్పాడు."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. తిడతాడనుకున్నాను, బొంకుతాడనుకున్నాను, లేదా తప్పైపోయిందమ్మా అంటాడనుకున్నాను. మా అన్న గొంతు బాగా తగ్గించి ఒకటే అడిగాడు.

"ఈ మాట మీ వదినకి చెప్పలేదు కదా?"

జబ్బు హయాత్‌ది. ఆ సంగతి మా వదిన అర్ఫాకి తెలిస్తే మా అన్నకేం? నీకు కూడానా అన్నా అని అడుగుదామని నోరు తెరిచి, అడగలేకపోయాను. మా వదినకి నాలుగు నెలల పిల్ల ఉంది. ఇంకా పాలిస్తోంది.